తాంబూలం, ధ్యానం, వాసన

తాంబూలం వేసుకున్న మనిషి నోట లాలాజలం ఊరడం, ఒంట్లో వెచ్చదనం పాకడం, మనసు కాస్త తేలికపడడం చాలావరకు వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం చేసే పని. దేహం విశ్రమించినప్పుడు గుండె వేగాన్ని తగ్గించి, జీర్ణక్రియను నడిపించేది పారాసింపథెటిక్ నాడీవ్యవస్థ. దాని నాడుల కొసల నుంచి వెలువడే ఎసిటైల్‌కోలిన్ ఏ గ్రాహకాల మీద పనిచేస్తుందో, అరెకోలిన్ కూడా వాటినే తాకి, నాడి ప్రమేయం లేకుండానే ఆ ఫలితాల్లో కొన్నింటిని పుట్టిస్తుంది. గ్లకోమాకు కంట్లో వేసే పైలోకార్పిన్ కూడా ఈ కోవకు చెందిన మందే.

ప్రాణాయామంలో నిదానంగా ఊపిరి వదిలేటప్పుడు గుండె నెమ్మదించడం కూడా ఈ వ్యవస్థకే చెందిన వేగస్ నాడి వల్లనే జరుగుతుంది. దేహంలో పనిచేసే వ్యవస్థ ఒకటే అయినప్పుడు, వక్కతో వచ్చే నెమ్మదికీ సాధనతో వచ్చే నెమ్మదికీ తేడా ఏమిటన్న ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేము. పతంజలి దాన్ని తోసిపుచ్చలేదు. యోగసూత్రాల కైవల్యపాదం మొదటి సూత్రంలోనే ఆయన సిద్ధులకు మూలాలుగా జన్మ, మంత్రం, తపస్సు, సమాధులతో పాటు ఓషధిని కూడా చేర్చి, ఓషధి బలాన్ని నిస్సంకోచంగా అంగీకరించాడు. అయితే ఆరో సూత్రానికి వచ్చేసరికి, ఇలా ఏర్పడిన చిత్తాల్లో ధ్యానం వల్ల కలిగినదే ఆశయరహితమని, అంటే కర్మ వాసనలను మిగల్చనిదని తేల్చాడు. ఆయన చూసింది అనుభవం ఎంత తీయగా ఉందన్నది కాదు, అది పోయాక మనిషిలో ఏం మిగిలిందన్నది. ఈ గీటురాయి మీద వక్క నిలవదు: నమిలిన కొద్దీ మళ్లీ నమలాలనిపిస్తుంది, పైగా పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. యతికీ బ్రహ్మచారికీ తాంబూలం కూడదన్న ధర్మశాస్త్ర నియమాన్ని కేవలం భోగ నిషేధంగా కాక, ఈ వాసనా విచారంగా చదవడమే న్యాయం.

అలాగని దైవపూజలో గాని, నోముల్లో ఇచ్చిపుచ్చుకునే వాయనంలో గాని తాంబూలానికి లోటు రాదు. తెలుగు, మరాఠీ, కన్నడం కలిసి వినిపించే కామారెడ్డి జిల్లా డోంగ్లి ప్రాంతంలోనైనా, కోస్తా పల్లెలోనైనా, పసుపు కుంకుమలతో చేతికందే రెండు ఆకులు, ఎండు వక్క ఇచ్చేవారి గౌరవాన్ని మోసుకొస్తాయి. ఆ వక్కను ఎవరూ నమలకపోయినా వాయనం వాయనమే.