చక్రము నిచ్చినవానికి కుండపై హక్కు కలదా?

కుమ్మరికి చక్రము చేసి యిచ్చిన వడ్రంగి, దానిపై తిరిగిన ప్రతి కుండలోను తనకొక పాలు కలదని యడిగినచో లోకము నవ్వును. పాణిని వ్యాకరణము నభ్యసించి కావ్యము రచించిన కవి యెవ్వడును పాణినికి సుంకము చెల్లింపలేదు. పనిముట్టు వేఱు, పనిఫలము వేఱు. ఈ న్యాయము మనకందఱకును సుపరిచితమే. అయినను ఈ కాలపు పనిముట్టొకటి దీనిని మరల విచారింపుమని మనల నడుగుచున్నది.

ఆ పనిముట్టు కంపైలరు. మనుష్యుడు ప్రోగ్రామింగు భాషలో వ్రాసిన వాక్యములను యంత్రము గ్రహింపగల ఆజ్ఞలుగా మార్చునది యిది. మొన్న నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతడు చిన్న వ్యాపారము నారంభింపనున్నాడు. "మాస్టరుగారూ, ఉచితముగా దొరకిన కంపైలరుతో నేను చేసిన ప్రోగ్రామును కొన్నవారికి, దాని మూలపాఠమును గూడ ఈయవలసినదేనా?" అని యడిగెను. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదది. ఏలయన, కంపైలరు కేవలము చక్రము వంటిది కాదు; తాను చేసిన కుండలో తన మట్టిని గూడ కొంత కలుపును. ప్రోగ్రాము నడచుటకు వలసిన 'రన్‌టైము లైబ్రరీ' యను భాగము ఫలములో చేరిపోవును. ఆ మట్టి యెవరిది?

1987లో రిచర్డు స్టాల్‌మను జీసీసీ యను కంపైలరును లోకమునకు విడుదల చేసెను. దానిని ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. కాని మార్చి పంచువాడు ఆ స్వేచ్ఛనే పుచ్చుకొనువారికి గూడ ఈయవలెను. ఈ షరతు ధర్మమే. కాని కలిసిన మట్టి ద్వారా అది కుండకంతకు అంటుకొనినచో, వర్తకుడు తన పనినంతయు బయటపెట్టవలసి వచ్చును. ఈ చిక్కు నెఱిగిన జీసీసీవారు ఆ లైబ్రరీకి ప్రత్యేకమైన మినహాయింపు నొసంగి, 2009లో దానిని మరల వివరముగా వ్రాసిరి. వర్తకులు తమ మూలపాఠమును దాచుకొనియు జీసీసీని వాడగలుగుట దీనివలననే.

అడా భాష కథ వేఱు. అమెరికా రక్షణశాఖ కోరికపై పుట్టి, 1983లో ప్రమాణరూపము దాల్చిన యీ భాష విమానములలోను రైళ్ళలోను మనుష్యుల ప్రాణరక్షణభారమును మోయుచున్నది. దాని ప్రసిద్ధమైన ఉచిత కంపైలరు గ్నాట్. అడాకోర్ సంస్థ 2005 మొదలు ఉచితముగా నిచ్చిన ప్రతిలో పైమినహాయింపు లేదు. రొక్కమిచ్చి కొన్నవారి ప్రతిలో కలదు. జీసీసీతోపాటు ఉచితముగా వచ్చు గ్నాట్‌లోను అది యున్నది. ఒకే పేరు, రెండు నిబంధనలు! "అడాలో వ్రాసినచో మన సొత్తు మనది కాదు" అని క్రొత్తవాడు భయపడి వెనుదిరుగుట సహజమే కదా. 2022లో ఆ సంస్థయే తన ప్రత్యేకప్రతిని మానివేసెను.

సంస్థ తప్పు చేసెనా? నేనట్లనను. పనివానికి కూలి వలయును; తన శ్రమకు తాను షరతు పెట్టుకొను హక్కు దాతకు కలదు. కాని ఆ షరతు పుచ్చుకొనువానికి తేటగా తెలియవలెను. కఠినమైన మాటయైనను స్పష్టముగా నున్నచో మనుష్యుడు ఒప్పుకొనును, లేదా మానుకొనును. సందిగ్ధమైన మాట వానిని అనుమానములోనే యుంచును. వర్తకుడు సొమ్ముకైనను వెనుదీయడు గాని, అనుమానమునకు వెనుదీయును.

"నీ కుండ నీదే. చక్రమునే మార్చి యితరులకిచ్చితివా, ఆ మార్పును దాచకుము. అయినను నీవు తెచ్చుకొన్న ప్రతి యేదో, దాని నిబంధనపత్రము చదివితివా?" అని శిష్యుని అడిగితిని. చదువలేదనెను. అప్పుపత్రమును చదువక వ్రేలిముద్ర వేయు పామరులను మనము ఎన్నియో యేండ్లుగా జాలితో చూచుచున్నాము. చదువుకొన్న మనమో, తెరపై 'అంగీకరింతు' నను మాటను చదువకయే నొక్కుచున్నాము.