సాక్షి సంతకం

మా బరంపురం తెలుగు సంఘంలో క్రిస్మస్ ముందు ఆదివారం సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగారు. పది నిమిషాలు. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో నోట్సు రాసిన చెయ్యి కదా, ఒక్క రాత్రిలో రాసేశాను. చిన్నప్పుడు మా అమ్మాయికి టైఫాయిడ్ ముదిరింది. డాక్టర్లు చేతులెత్తేశారు. నేను మోకాళ్లూని ప్రార్థించాను. బిడ్డ కళ్లు తెరిచింది. ఇదీ సారాంశం.

మా ఆవిడకు చదివి వినిపించాను. "ఏ డాక్టరు చేతులెత్తేశాడండీ?" అంది.

నిజమే. ఎవరూ చేతులెత్తెయ్యలేదు. ఒక ఒడియా డాక్టరుగారు రెండు రాత్రులు ఇంటికి వెళ్లకుండా బిడ్డను కనిపెట్టుకుని ఉన్నారు. నా కాగితంలో ఆయన లేరు. కావాలని అబద్ధం రాయలేదు. ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా ఆ మాట దానంతటదే వచ్చి చేరింది.

వెంటనే నాకొక సమర్థన తోచింది. పౌలు దమస్కు దారిలో తనకు జరిగింది యెరూషలేములో జనానికి చెప్పినప్పుడు అననీయ ప్రసక్తి తెచ్చాడు. అగ్రిప్ప రాజు ముందు చెప్పినప్పుడు ఆ పేరే ఎత్తలేదు. వినేవారిని బట్టి కొంత వదిలెయ్యడం తప్పు కాదన్నమాట! కానీ పౌలు ఒక మనిషిని వదిలాడే గాని, ఆ ఖాళీలో జరగనిదాన్ని పెట్టలేదు. నేను పెట్టాను.

కోర్టులోనూ, అప్పు పత్రంమీదా, గుడిలోనూ మన భాషలో ఒకటే మాట: సాక్షి. కళ్లెదుట జరిగినదానికే సంతకం పెట్టాలని కొత్త గుమాస్తాలకు నేనే చెబుతాను. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ దేవుణ్ణి పొగిడేటప్పుడు రద్దవుతుందా?

నష్టం ఎవరికని అనుకోవచ్చు. మా గుడిలో మూడో వరుసలో ఒకావిడ కూర్చుంటారు. ఆవిడ కొడుకు అలాంటి జ్వరంతోనే పోయాడు. ఆవిడా రాత్రంతా మోకాళ్లమీదే ఉన్నారు. నా కథ ఆవిడతో ఏమంటుంది? నీ ప్రార్థనలో బలం లేదనేగా!

స్వస్థత పొందిన గెరాసేనీయుణ్ణి యేసు తన ఇంటివారి దగ్గరకే వెళ్లి చెప్పమన్నాడని మార్కు సువార్తలో ఉంది. ఎందుకో నాకిప్పుడు బోధపడింది. ఇంట్లోవాళ్లకు అసలు సంగతి తెలుసు. సాక్ష్యం సిద్ధం చేసుకునేవారు ముందు అక్కడ చదివి చూసుకోవాలి.

చివరికి నాలుగు నిమిషాలే మాట్లాడాను. భయపడ్డానన్నాను. ప్రార్థించానన్నాను. డాక్టరుగారి కష్టం చెప్పాను. కొందరు పిల్లలు ఎందుకు బతకరో నాకు తెలియదన్నాను. ఆ రాత్రి నేను ఒంటరిగా లేనని మాత్రం తెలుసునన్నాను.

"అంతేనా అంకుల్?" అన్నాడొక కుర్రవాడు, కాస్త నిరాశగా.

మూడో వరుసలో ఆవిడ ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ ఆగి, "మీ అమ్మాయి ఇప్పుడు బాగుందా?" అని అడిగారు.