గీత మీద ఇల్లు

మేము న్యూజెర్సీ విడిచి వెర్మాంట్ రాష్ట్రపు ఉత్తరపు కొసన వున్న డెర్బీ లైన్ అనే వూరికి మకాం మార్చినప్పుడు మిత్రులందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్కడ మనవాళ్ళెవరున్నారు?" ఎవరూ లేరు. వెయ్యిమంది జనం కూడా లేని వూరు. అవతల ఆనుకుని స్టాన్‌స్టెడ్. అది కెనడా.

మాలో ఒకరు వైద్యులు. జె-1 వీసా మీద ఇక్కడ శిక్షణ పొందిన వైద్యులు రెండేళ్ళు స్వదేశంలో వుండి రావాలన్న నిబంధన వున్నది. డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే దాని నుంచి మినహాయింపు దొరుకుతుంది. రాష్ట్రాల ద్వారా ఈ ఏర్పాటు 1994లో మొదలైంది. మన డాక్టర్లు ఎందరో మారుమూల పల్లెలకు చేరింది ఈ దారినే. మేమూ అలా వచ్చినవాళ్ళమే. సేవాభావంతో వచ్చామని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

మా గడువు వచ్చే వేసవితో తీరుతుంది. మొన్న ఒక ముసలి పాడిరైతు రక్తపోటు చూపించుకుని, చొక్కా చేతులు దించుకుంటూ, "మీరు కూడా మూడేళ్ళ డాక్టరేనా?" అని అడిగాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మాకు నిద్ర పట్టలేదు.

ఒప్పందం తీరితే ఋణం తీరినట్టేనా?

మా వూళ్ళో ఒక భవనం వున్నది. కింద గ్రంథాలయం, పైన నాటకశాల. మార్తా హాస్కెల్ అనే ఆమె, ఆమె కుమారుడు, రెండు దేశాల వారికీ పనికిరావాలని పట్టుబట్టి సరిహద్దు మీదనే కట్టించారు. నాటకశాల 1904లో తెరిచారు. చదువుకునే గదిలో నేల మీద నల్లని గీత వుంటుంది. మాకు కెనడా వీసా లేదు. అయినా ఆ గీత దాటి కూర్చుని పత్రిక చదువుకుని ఇంటికి వస్తాం. కెనడా వారు మాత్రం తనిఖీ లేకుండా నడిచివచ్చి అమెరికా వైపు వాకిలి గుండా లోపలికి వెళ్ళే పాత వెసులుబాటును 2025లో అమెరికా ప్రభుత్వం తగ్గించింది. వారు తమవైపు వేరే ద్వారం చూసుకోవలసి వచ్చింది.

ఆ గీత కథ కూడా చిత్రమైనదే. సరిహద్దు 45వ అక్షాంశం మీద నడవాలి. 1770లలో కొలిచినవారు తప్పు కొలిచారు. చాలాచోట్ల అది ఉత్తరానికి జరిగింది. 1842లో ఒడంబడిక రాసుకున్నప్పుడు ఆ తప్పును దిద్దక, పాత గీతనే ఖాయం చేశారు. అప్పటికే జనం దాన్ని నమ్ముకుని పొలాలు చేసుకుంటున్నారు. అంటే, కొలతలో తప్పయినది మనుషుల నమ్మకం వల్ల ఒప్పయింది.

మాకు తోచినది ఇది. మూడేళ్ళు అన్నది కాగితం మీద గీసిన గీత. కాని మూడేళ్ళుగా ఈ వూరివారు మమ్మల్ని నమ్ముకున్నారు. ఆ నమ్మకం ఏ కాగితం మీదా లేదు. పని గడవగానే వెళ్ళిపోవడం ఏరు దాటి తెప్ప తగలేయడమే అవుతుంది.

అయితే ఎదుటి వాదనా బలమైనదే. తెనాలిలో కన్నవారు పెద్దవాళ్ళయ్యారు. పిల్లలకు తెలుగు మాట్లాడే తోడు లేదు. ఈ ఋణాలు వూరి ఋణం కంటే ముందువి. పైగా ఒక దేశంలో డాక్టర్ల కొరతను పరదేశీయుల మనస్సాక్షి మీద మోపడం న్యాయమా? కాదనే మేమూ అంటాం. కాని ఆ అన్యాయానికి జవాబు చెప్పవలసినవాడు మా రైతు కాదు.

హాస్కెల్ అమ్మగారు గీత లేదని బుకాయించలేదు. గీత వున్నదని ఒప్పుకుని, దాని మీద ఇల్లు కట్టింది. మేమూ అదే ప్రయత్నం చేయదలిచాం. మరొక డాక్టరు వచ్చేవరకు, మూడేళ్ళ మీద ఇంకొక్క ఏడాది వుంటామని ఆసుపత్రివారికి చెప్పాం. ఆపైన వుండలేమనీ చెప్పాం. వెళ్ళేది ఎప్పుడో ముందే చెప్పడం, చూసే రోగులను మరొకరి చేతిలో పెట్టి కదలడం: ఇంతవరకు మా ధర్మమని నమ్ముతున్నాం.

రైతుకీ ఈ మాటే చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "ఒక ఏడాదంటే రెండు ఈతలకు మధ్య కాలం, తక్కువేమీ కాదు" అన్నాడు.

ఇది చాలునా, చాలదా? ఇలాంటి వూళ్ళలో పనిచేసి వచ్చిన మన సభ్యులు తమ అభిప్రాయం రాస్తే సంతోషిస్తాం.