జట్టు సమతూకం, జట్టు కట్టేవాడి చోటు

పోకెమాన్ వీడియో గేమ్ పోటీల్లో ఆటగాడి జట్టుకు ఆరు ప్రాణులు. అధికారికంగా జరిగే జంట పోరాటాల్లో ఎదుటివాడి ఆరింటినీ చూశాక, తన ఆరింటిలో నాలుగింటినే ఎంచుకుని బరిలోకి దింపాలి. ఒక్కో ప్రాణికి నాలుగే ఎత్తులు. శిక్షణతో పెంచుకోగల పాయింట్లు ఇటీవలి ఆటల్లో మొత్తం 510, ఏ ఒక్క గుణానికీ 252కు మించి పెట్టడానికి వీల్లేదు. దాడి, రక్షణ, వేగం అన్నీ నిండుగా ఉన్న ప్రాణిని తయారుచేయడానికి ఈ లెక్కలు ఒప్పుకోవు. ఏదో ఒక లోటు ప్రతిదానికీ తప్పదు. లోటున్నవాటిని చేర్చి లోటులేని జట్టును కట్టడం ఎలా అన్నది ఈ ఆటలో మొదటి ప్రశ్న. తత్త్వశాస్త్రం ఇదే ప్రశ్నను చాలా ముందే అడిగింది, ఆట అడగని ఇంకో ప్రశ్ననూ అడిగింది: జట్టు కట్టేవాడు ఎక్కడ నిలబడాలి?

1996లో జపాన్‌లో వెలువడిన మొదటి ఆటలో ప్రాణులకు, ఎత్తులకు 15 జాతులు (టైప్‌లు) ఉండేవి. నీరు నిప్పును గెలుస్తుంది, నిప్పు గడ్డిని, గడ్డి నీటిని. అందరినీ గెలిచేది ఉండకూడదన్నది ఉద్దేశం. ఆచరణలో మాత్రం మనోశక్తి జాతికి అప్పట్లో సరైన విరుగుడే లేకపోయింది. 1999లో చీకటి, ఉక్కు జాతులను చేర్చి దాని జోరు తగ్గించారు. 2013లో డ్రాగన్‌ల పెత్తనానికి అడ్డుకట్టగా ఫెయిరీ జాతి వచ్చి లెక్క 18కి చేరింది. కొత్త జాతి రాగానే పాత ప్రాణి విలువ మారిపోయింది, దాని ఒంట్లో ఏ మార్పూ లేకుండానే. అంటే బలం ప్రాణిలో కాక, ఎదురుగా ఎవరున్నారు, పక్కన ఎవరున్నారు అన్నదానిలో ఉంది. ఏ వస్తువుకూ ఇతరాలతో నిమిత్తం లేని స్వభావం లేదని ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమక కారికల్లో వాదించాడు. ఆ వాదన లోతు వేరు, విస్తృతి వేరు. అయినా దాని తొలి మెట్టు ఎక్కడానికి ఈ జాతుల పట్టిక చాలు.

పక్కన ఎవరున్నారన్నది ఎంత ముఖ్యమో స్కార్మరీ, బ్లిస్సీల జోడీ చూపిస్తుంది. స్కార్మరీ ఉక్కు రెక్కల పక్షి. గోళ్లతో, కోరలతో చేసే శారీరక దాడులను తట్టుకుంటుంది, నిప్పుకూ మెరుపుకూ కూలిపోతుంది. బ్లిస్సీ నిప్పును, మెరుపును, మంచును అవలీలగా భరిస్తుంది, శరీరానికి తగిలే దెబ్బకు మాత్రం నిలవలేదు. ఒకదానికి ఆపద వచ్చినప్పుడు రెండోదాన్ని ముందుకు తెస్తే చాలాకాలం చాలా జట్లకు ఆ గోడను దాటడం కష్టమైంది. సాంఖ్యకారిక 21వ కారికలో చెప్పిన పంగ్వంధ న్యాయం ఇదే తీరులో సాగుతుంది. నడవలేనివాడు చూడలేనివాడి భుజాలెక్కుతాడు, ఇద్దరూ అడవి దాటుతారు. ఎవరి లోటూ తీరలేదు. కుంటివాడికి కాళ్లు రాలేదు, గుడ్డివాడికి చూపు రాలేదు. అయినా ప్రయాణం సాగింది. సమతూకం అంటే లోపాలు పోవడం కాదు, అవి ఒకచోటే కుప్పపడకుండా ఉండడం.

అన్నిటినీ సరిసమానం చేయడమే సమతూకమనుకుంటే అది పొరపాటు. సాంఖ్యమే ఇక్కడా దారి చూపుతుంది. సత్త్వ రజస్తమస్సులనే మూడు గుణాలు పూర్తిగా సమంగా ఉన్న స్థితిలో సృష్టి లేదు. ఆ సామ్యం చెదిరితేనే లోకం మొదలవుతుంది. పోకెమాన్ జట్టుకూ అంతే. ప్రతి జాతికీ కాస్త కాస్త జవాబు దాచుకుని, దేనినీ గట్టిగా సాధించలేని జట్టు ఓడకుండా నెట్టుకొస్తుందేమో గానీ గెలవడం కష్టం. మంచి జట్టుకు ఒక మొగ్గు ఉండాలి. మిగిలినవన్నీ ఆ మొగ్గును కాపాడేవి కావాలి. 2014 ప్రపంచ పోటీల్లో దక్షిణ కొరియా ఆటగాడు సే జున్ పార్క్‌ను విజేతను చేసిన జట్టులో పాచిరిసు అనే ఉడుత ఉంది. పోటీలకు పనికిరాదని చాలామంది పక్కనపెట్టిన అల్పప్రాణి అది. ఎదుటివాళ్ల దాడులను తనమీదికి మళ్లించుకుని తోటి ప్రాణికి సమయం సంపాదించడం దాని పని. దెబ్బ కొట్టడంలో కాక దెబ్బ తినడంలో దాని విలువ తేలింది. ఈ ఆట చరిత్రలో అంతకంటె అందమైన ఎంపిక అరుదు.

అయితే ఆ ఎంపికలో ఉడుత ఇష్టంతో పని లేదు. ఎవరు ముందుకు రావాలో, ఎవరు దెబ్బ తినాలో ఆటగాడు నిర్ణయిస్తాడు, ఒక్క దెబ్బా అతనికి తగలదు. జట్టు ఓడినా ఆటగాడు ఓటమిని మాత్రమే మోస్తాడు, గాయాన్ని కాదు. మనుషుల జట్టులో ఈ దూరం ధర్మమేనా? దీనికి ఆలోచనలో కాక ఆచరణలో దొరికిన జవాబు ఒకటి గోదావరి ఒడ్డున నాందేడ్‌తో ముడిపడి ఉంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు ఊళ్లలో తెలుగు వినిపించే జిల్లా అది. నాందేడ్ దాటిన గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. ఆ జవాబు మొదలైంది మాత్రం అక్కడ కాదు.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ కత్తి దూసి తల ఇచ్చేవారెవరని అడిగాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఒకరి తర్వాత ఒకరుగా ఐదుగురు లేచారు. లాహోర్ నుంచి ఖత్రీ దయారామ్, హస్తినాపురం నుంచి జాట్ ధరమ్ దాస్, పూరీ జగన్నాథం నుంచి నీళ్లు మోసే హిమ్మత్ రాయ్, ద్వారక నుంచి బట్టలకు అద్దకం వేసే మోహకమ్ చంద్, బీదర్ నుంచి మంగలి సాహిబ్ చంద్. బీదర్ నాందేడ్‌కు దక్షిణాన ఉన్న దక్కన్ పట్టణమే. ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం, పై కులం, కింది కులం అన్నీ ఆ ఐదుగురిలో ఉన్నాయి. పట్టిక వేసి ఎంచినా ఇంత వైవిధ్యం కుదరదు. కానీ అక్కడ పట్టిక లేదు. అడిగిన అర్హత ఒక్కటే, ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడడం. తర్వాత జరిగింది అంతకంటె పెద్ద సంగతి. ఐదుగురికీ దీక్షా జలమైన అమృతం ఇచ్చిన గురువు వాళ్ల ముందు నిలబడి, తనకూ అమృతం ఇమ్మని అడిగి వాళ్ల చేతుల మీదుగా దీక్ష తీసుకున్నాడు. జట్టు కట్టినవాడు జట్టులోకి దిగాడు.

దిగడం ఆ రోజు తంతుతో ముగియలేదు. 1704 డిసెంబరులో చమ్‌కౌర్ గఢీలో మొఘల్ సైన్యం చుట్టుముట్టినప్పుడు గురువు పెద్ద కొడుకులు అజిత్ సింగ్, జుఝార్ సింగ్ ఇద్దరూ పోరులో చనిపోయారు. మిగిలిన కొద్దిమందిలో ఐదుగురు కూడి గురువును కోట విడిచి వెళ్లమని ఆజ్ఞాపించారని, ఆయన తలవంచాడని సంప్రదాయం. ఆజ్ఞ తిరగబడి వచ్చింది. ఆటలో ఏ ప్రాణీ ఆటగాడికి ఆజ్ఞ ఇవ్వదు. దీక్షతో సింగ్‌లైన తొలి ఐదుగురిలో హిమ్మత్ సింగ్, మోహకమ్ సింగ్, సాహిబ్ సింగ్ చమ్‌కౌర్‌లోనే నేలకొరిగారు. దయాసింగ్, ధరమ్ సింగ్ బతికారు. తరువాత ఔరంగజేబుకు గురువు పారసీలో రాసిన జఫర్‌నామాను మోసుకెళ్లింది వాళ్లే. ఆ ఇద్దరి జీవితాలూ నాందేడ్‌లోనే ముగిశాయని సిక్కులు నమ్ముతారు.

1708లో గురువు నాందేడ్ చేరాడు. అక్కడ మఠం కట్టుకున్న మాధోదాస్ అనే బైరాగి ఆయనకు శిష్యుడై బందా సింగ్ అయ్యాడు. అతన్ని పంజాబుకు పంపేటప్పుడు గురువు ఐదు బాణాలతో పాటు ఐదుగురు సలహాదారులనూ ఇచ్చాడంటారు. బందాలో తెగువ నిండుగా ఉంది, ఆ తెగువకు పక్కన నిలిచే వివేకం అవసరమైంది. ఇది జట్టు కూర్పు విద్యే. 1710 మేలో చప్పడ్‌చిడీ యుద్ధం గెలిచి సర్హింద్ పట్టుకోవడంతో ఆ కూర్పు ఫలించింది. 1715లో గురుదాస్ నంగల్ ముట్టడిలో అదే కూర్పు చీలింది. ముట్టడిని ఛేదించే తీరుపై బందాతో అభిప్రాయభేదం వచ్చి, సలహాదారుల్లో పెద్దవాడైన బినోద్ సింగ్ బయటికి వెళ్లిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో కోట పడిపోయింది. 1716 జూన్‌లో ఢిల్లీలో బందాను చంపారు. మనుషుల జట్టుకు ఉన్న బలమూ ప్రమాదమూ ఒకచోటే ఉన్నాయి. ఇష్టపడి వచ్చినవాడు ఇష్టం లేక వెళ్లనూ వచ్చు. వెళ్లే హక్కు లేని స్కార్మరీ ఎప్పుడూ చీలిక తేదు, కానీ అది బ్లిస్సీ కోసం నిలబడిందని కూడా అనలేము.

బందాను పంపిన ఏడాదే, 1708 అక్టోబరులో, నాందేడ్‌లోనే గురువు చనిపోయాడు. తర్వాతి గురువుగా ఏ మనిషినీ నియమించలేదు. గురుత్వాన్ని గ్రంథ సాహిబ్‌కు, సిక్కు సమాజమైన పంథ్‌కు అప్పగించాడు. మహారాజా రంజిత్ సింగ్ 1832, 1837 మధ్య అక్కడ కట్టించిన తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హుజూర్ సాహిబ్ సిక్కుల అధికార పీఠాలైన ఐదు తఖ్త్‌లలో ఒకటి. దీక్ష ఇవ్వాలంటే ఇప్పటికీ ఐదుగురు కావాలి. వాళ్లు ఏ కులం వారు, ఏ ఊరి వారు అన్న ప్రశ్న రాదు. దీక్ష తీసుకుని నియమంతో జీవించే సిక్కులైతే చాలు. వాళ్లలో ఎవరికీ విడిగా ఆ అధికారం లేదు, ఐదుగురూ కూర్చున్నప్పుడే అది ఉంటుంది.