చట్రంలో పట్టని మనుషులు

ప్రకృతి ఛాయాచిత్రాల అంతర్జాతీయ పోటీలకు ఒక నియమం ఉంది. బొమ్మ చెప్పే ప్రకృతి కథకు తప్పనిసరైతే తప్ప అందులో మనిషి జాడ కనపడకూడదు. ఖరగ్‌పూర్ చుట్టూ సాల అడవుల్లో కెమెరాతో తిరిగే నాకు ఈ నియమం మింగుడుపడదు. ఫాల్గుణంలో పాత ఆకు రాలి, ఎర్రమట్టి మీద లేత చిగుళ్ళు మెరుస్తుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. సరిగ్గా అప్పుడే ఎండాకులు పోగుచేసుకోవడానికి ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి తీస్తేనే అది ప్రకృతి అట. మరి వాళ్ళెవరు?

అలా అడవిని నమ్ముకున్నవాళ్ళే లోధా గిరిజనులు. ఖరగ్‌పూర్ ఉన్న ఈ మేదినీపూర్ అడవే వాళ్ళ బతుకు. దుంపలు, తేనె, పట్టుకాయలు, తాబేళ్ళు. అడవి సర్కారుదయ్యాక తిండి వెతుక్కోవడమే తప్పయింది. ఆపైన 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం వాళ్ళ జాతి మొత్తానికీ దొంగలన్న ముద్ర వేసింది. స్టూవర్టుపురం తెలిసిన తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ ఎరుకలవాళ్ళను సెటిల్‌మెంటులో పెట్టి హాజరు వేయించుకున్నదీ ఆ చట్టం పేరుతోనే. పుట్టడమే నేరమైతే ఇక విచారణతో పనేముంది? 1952లో ఆ ముద్రను కాగితం మీద తీసేశారు. మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మాత్రం "లోధావాళ్ళు తిరుగుతున్నారు, గడియ పెట్టుకోండి" అన్న మాట అచ్చ తెలుగులో వింటూ పెరిగాను.

ఖరగ్‌పూర్‌లో చెర అనగానే అందరికీ హిజ్లీ నిర్బంధ శిబిరం గుర్తొస్తుంది. విచారణ లేకుండా అక్కడ నిర్బంధించిన విప్లవకారుల మీద 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త చనిపోయారు. ఐఐటీ పుట్టింది ఆ శిబిరం భవనంలోనే. ఇవాళ దాన్ని షహీద్ భవన్ అంటున్నారు. అక్కడ తల వంచుతాను. కానీ లోధాల చెరకు గోడల్లేవు. కూల్చడానికీ ఏమీ లేదు, దండ వేయడానికీ ఏమీ లేదు.

చుని కోటాల్ ఈ జిల్లా బిడ్డ, లోధా శబరుల్లో డిగ్రీ పట్టా అందుకున్న తొలి మహిళ. విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ, పుట్టుకను ఎత్తి తనను అవమానిస్తున్నారని ఫిర్యాదు చేసింది. న్యాయం దొరకలేదు. 1992 ఆగస్టు 16న, 27 ఏళ్ళకే ప్రాణం తీసుకుంది. మనుషుల గురించి చెప్పే శాస్త్రం చదవబోయిన చోట ఆమెను మనిషిగా చూడలేదు!

అందుకే, ఆకులేరే ఆడవాళ్ళు తప్పుకోవాలని నేను ఎదురుచూడను. దగ్గరికి వెళ్ళి, తీయవచ్చా అని అడుగుతాను. వద్దంటే కెమెరా దించేస్తాను. సరేనంటే చెట్లతోపాటు వాళ్ళనూ తీసి, ఇష్టమైతే పేరు కనుక్కుని బొమ్మ కింద రాస్తాను. ఆ బొమ్మలు పోటీలకు పనికిరావు. ఉగాదికి మా తెలుగువాళ్ళం కలిసే చోట గోడకు తగిలిస్తాను, గడియ పెట్టుకోమన్న ఇళ్ళవాళ్ళు చూడాలని.