ఏమీ కాలేదు కదా

మా గరాజ్‌లో ఒక గాలి పడవ ఉంది. మడత పెడితే పెద్ద సూట్‌కేసంత, గాలి కొడితే మంచమంత. పీవీసీ ఒళ్ళు, రెండు అల్యూమినియం తెడ్లు, చేత్తో కొట్టే పంపు. ఎంతమందిని, ఎంత బరువుని మోస్తుందో దాని పక్కనే అచ్చేసి ఉంటుంది. గాలి ఒకే సంచిలో ఉండదు, వేరు వేరు గదుల్లో ఉంటుంది. ఒకదానికి చిల్లు పడినా మిగతావి తేలుస్తాయి. ఇవన్నీ చదివి, నమ్మి కొనుక్కున్నదే.

డాలస్‌లో ఉండే మాలాంటివాళ్ళకి ఇది చవకైన సుఖం. మోటార్ పడవ కొనలేం, కొన్నా పెట్టుకోవడానికి చోటుండదు. ఇదయితే కారు డిక్కీలో పడేసుకుని లేక్‌కి పోవచ్చు. ఎక్కి కూర్చుంటే నీళ్ళు చేతికి జానెడు దూరంలో ఉంటాయి. ఇంజను చప్పుడుండదు. ఫోను ఒడ్డునే వదిలేస్తాం. ఇంట్లో వారమంతా మాట్లాడని మా అబ్బాయి అందులో కూర్చున్నాక ఏవేవో చెప్తాడు. అందుకే, కింద రాయబోయేదంతా చదివి పడవ మానేయమంటున్నానని మాత్రం అనుకోకండి.

రెండేళ్ళ కిందట జూన్‌లో నాలుగు కుటుంబాలం లేక్ లూయిస్‌విల్ ఒడ్డున పిక్నిక్ పెట్టుకున్నాం. చెట్లు అడ్డుగా ఉన్న చిన్న పాయ అది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మావాడికప్పుడు తొమ్మిదేళ్ళు. లైఫ్ జాకెట్ తగిలించుకుని పడవలో కూర్చున్నాడు. నేను తెడ్డందుకునేసరికి స్నేహితుడి కూతురు పరిగెత్తుకొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. "అంకుల్, నేనూ వస్తా" అంది. పిల్లల జాకెట్ ఒక్కటే ఉంది. నా ఒంటి మీదున్నది పెద్దవాళ్ళది, తనకి వేస్తే తల మీంచి జారిపోతుంది.

చెయ్యాల్సిన పని చాలా తేలిక. ముందు ఒకరిని తిప్పి తీసుకురావాలి, ఆ జాకెట్టే విప్పి రెండోవారికి వేసి మళ్ళీ వెళ్ళాలి. పావుగంట ఆలస్యం, అంతే. చట్టం కూడా నాకు తెలుసు. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ నీళ్ళమీద కదులుతుంటే, పదమూడేళ్ళ లోపు పిల్లలంతా జాకెట్ వేసుకునే ఉండాలి. కానీ అందరూ చూస్తున్నారు. ఆ పిల్ల అప్పటికే ఒక కాలు పడవలో పెట్టింది. వాళ్ళ నాన్న ఒడ్డున నవ్వుతూ నిలబడ్డాడు. "ఒక్క రౌండే కదా" అనుకున్నాను.

పాయ దాటేదాకా బానే ఉంది. చెట్ల చాటు తప్పగానే గాలి తగిలింది. అసలు ఆ గాలి పొద్దుట్నుంచీ ఉంది, ఒడ్డున మాకు తెలీలేదంతే. గాలి పడవకి అడుగు చదునుగా ఉంటుంది, నీళ్ళని పట్టుకునే వెన్ను ఉండదు. నీళ్ళలో మునిగేది కాస్త, గాలికి ఎదురు నిలబడేది ఎక్కువ. అంచులే తెరచాపలవుతాయి. నేను నాలుగు తెడ్లు ముందుకి వేస్తే అది రెండు వెనక్కి పోతోంది. అలలు జానెడు లేచాయి. ఒక తెడ్డు ప్లాస్టిక్ రింగులోంచి రెండుసార్లు జారింది. ఎదురీదడం మానేసి, గాలిని పక్కకి పెట్టుకుని ఒడ్డు వెంబడే లాక్కుంటూ పోయాను. ముప్పావుగంటకి, బయల్దేరిన చోటికి అర మైలు దూరంలో గులకరాళ్ళ మీద ఆగాం. పడవ నెత్తిన పెట్టుకుని పొదల్లోంచి నడిచొచ్చాం. పిల్లలిద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

"థాంక్స్ అన్నా, మా బుజ్జిది భలే ఎంజాయ్ చేసింది" అన్నాడు వాళ్ళ నాన్న. మేం బయల్దేరినప్పుడు తను తీసిన ఫోటోని అప్పటికే వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బోలెడన్ని చప్పట్లు, హార్టులు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. సంగతి చెప్తే మా ఆవిడ "ఏమీ కాలేదు కదా, పడుకోండి" అంది. నిజమే, ఏమీ కాలేదు. కానీ నన్ను తొలుస్తున్నది గాలి కాదు. గాలి మొదలైన క్షణంలో నేను మావాడి వైపు చూశాను. వాడి ఒంటి మీద నారింజరంగు జాకెట్ కనిపించగానే గుండె కుదుటపడింది. పక్కనే జాకెట్ లేని పిల్ల కూర్చునుంది. నా గుండె కుదుటపడింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

విలియం కింగ్‌డన్ క్లిఫర్డ్ అని ఒక ఇంగ్లీషు గణితవేత్త ఉండేవాడు. 1870లో సూర్యగ్రహణం చూడ్డానికి వెళ్తూ సిసిలీ తీరం దగ్గర ఓడ ప్రమాదంలోంచి బతికి బయటపడ్డాడు. నమ్మకానికీ నీతికీ ఉన్న సంబంధం గురించి 1877లో ఒక వ్యాసం రాస్తూ, దాన్ని ఒక ఓడ కథతోనే మొదలుపెట్టాడు. ఓడ యజమానికి తన ఓడ పాతబడిందని తెలుసు. బాగుచేయిస్తే ఖర్చు. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది, ఇప్పుడూ వస్తుందని తనకు తానే నచ్చజెప్పుకుని, వలస వెళ్ళే కుటుంబాలని ఎక్కించి పంపించాడు. ఓడ మునిగింది. అతను దోషి అంటే ఎవరూ కాదనరు. క్లిఫర్డ్ అక్కడితో ఆగడు. అదే ఓడ మునగకుండా ఒడ్డు చేరిందనుకుందాం, అప్పుడు అతని తప్పు తగ్గుతుందా? రవ్వంత కూడా తగ్గదంటాడు. తప్పు జరిగింది ఓడని పంపించినప్పుడే. సముద్రం చేసింది తర్వాతి సంగతి.

వినడానికి సబబుగానే ఉంది. కానీ మనం అలా బతకడం లేదు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. ఆ తర్వాత వారాల తరబడి జాకెట్ల గురించి, అనుమతుల గురించి, వరద గురించి మాట్లాడుకున్నాం. క్షేమంగా తిరిగొచ్చిన బోటు గురించి ఎప్పుడైనా అలా మాట్లాడుకున్నామా? ఒడ్డు చేరిన పడవకి విచారణ ఉండదు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్వవేత్తలు 'మోరల్ లక్' అంటూ చర్చ లేవదీసింది ఇలాంటి చిక్కు గురించే. ఇద్దరు ఒకే అజాగ్రత్త చేస్తే, ఒకడి దారిలో పిల్లాడు అడ్డొస్తాడు, రెండోవాడి దారి ఖాళీగా ఉంటుంది. మొదటివాడు హంతకుడవుతాడు, రెండోవాడు ఇంటికెళ్ళి భోంచేస్తాడు. వాళ్ళ మధ్య తేడా అదృష్టమే. అది తెలిసినా ఇద్దర్నీ ఒకేలా చూడలేం.

నాకు తోచిందిది. శిక్ష వెయ్యడానికి ఫలితం చూడాలేమో. నేర్చుకోవడానికి మాత్రం ఫలితాన్ని నమ్మకూడదు. ఎందుకంటే క్షేమంగా తిరిగొచ్చిన ప్రతిసారీ అదృష్టం జాగ్రత్త ఖాతాలో జమ పడిపోతుంది. ఓడ యజమాని లెక్కపెట్టుకున్నది ఆ పాత ప్రయాణాలనే. నా స్నేహితుడి లెక్కలోనూ ఆ రోజు ఒక ప్రయాణం చేరింది: 'అన్న చేతిలో పిల్ల భద్రం.' అది తప్పుడు లెక్క. దిద్దాల్సింది నేనే.

ఇంతకీ నీది పట్టింపు కాదా అంటారేమో. మేమూ కాలవల్లో, బావుల్లో దూకి పెరిగినవాళ్ళమే, జాకెట్లెక్కడివి అంటారు. నేనూ అలాగే పెరిగాను. కానీ మా ఊళ్ళో ఈత రాని పిల్లాణ్ణి నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టకుండా బావిలో దింపేవాళ్ళు కాదు. జాకెట్ అన్న మాట లేదు గానీ జాకెట్ ఉంది. పైగా అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల్లో 2022లో పడవ ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 636 మంది. చావుకి కారణం తెలిసినవాళ్ళలో నూటికి 75 మంది నీట మునిగినవాళ్ళు, అలా మునిగినవాళ్ళలో నూటికి 85 మంది ఒంటిమీద జాకెట్ లేదు. నా ప్రాణంతో నేను పందెం కాస్తే అది నా ఇష్టం అనొచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లకి తను పందెంలో ఉన్నట్టే తెలీదు.

మూడు వారాల తర్వాత వాళ్ళింటికి వెళ్ళి, టీ తాగుతూ, జాకెట్ సంగతీ గాలి సంగతీ చెప్పాను. అతను కాసేపు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఫోటో తీసింది నేనే కదా అన్నా. జాకెట్ లేదని నాకూ కనిపించింది."

"మరి అడగలేదేం?"

"నలుగురిలో నిన్ను అడగడానికి మొహమాటమేసింది."

నాకూ అదే. ఆ పిల్లకి నలుగురిలో వద్దు అని చెప్పడానికి మొహమాటమేసింది. క్లిఫర్డ్ ఓడ యజమానికి డబ్బు అడ్డొచ్చింది. మా ఇద్దరికీ అడ్డొచ్చింది మర్యాద. ఎదుటివాడు నొచ్చుకోకూడదని మనం ఎంత ముద్దుగా పెంచుకునే గుణమిది! దాని ఖరీదు ఆ రోజు ఒక పిల్ల ప్రాణం కావచ్చు. ఫోటోకి చప్పట్లు కొట్టినవాళ్ళకీ కనిపించే ఉంటుంది.

వాళ్ళావిడ వంటింట్లోంచి అంతా వింది. ఏమీ అనలేదు. కానీ చాలా రోజులు మా ఇంటికి రాలేదు, మాతో లేక్‌కీ రాలేదు. ఏమీ కాలేదు కదా అని ఆవిడతో అనే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. ఆ కథలో సరిగ్గా లెక్కకట్టింది ఆవిడ ఒక్కతే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు గరాజ్‌లో పిల్లల జాకెట్లు మూడున్నాయి. పోయిన వేసవిలో కొత్తగా పరిచయమైన ఒక కుటుంబం మాతో వచ్చింది. పడవ దగ్గరికి నలుగురు పిల్లలొచ్చారు. ముగ్గురే, నాలుగోవాళ్ళు తర్వాత అన్నాను. నాలుగోవాడు ఏడుపు లంకించుకున్నాడు. "ఒక్క రౌండే కదండీ, నీళ్ళు కూడా కదలడం లేదు" అన్నాడు వాళ్ళ నాన్న, మొహం కొంచెం ముడుచుకుని.

నాకు మొహమాటంగానే ఉంది. "ఇంకో పావుగంటలో వచ్చేస్తామండీ" అని చెప్పి తెడ్డు వేశాను.