త్రోవ బాగుచేయుటలో హింస యెంత?

గత సంవత్సరము మా యింట ఒక తగవు వచ్చినది. లెక్కల తగవు కాదు, పంపకముల తగవు కాదు. మా అబ్బాయి ఆదివారము ప్రొద్దుననే పార పట్టుకొని మైలాపూరినుండి అడయారు నది దాటి కొట్టూరుపురము పోవుట మొదలుపెట్టినాడు. అచ్చట నదియొడ్డున ప్రజాపనుల శాఖవారి నేల యొకటి ఒకప్పుడు చెత్తకుప్పగా నుండెడిది. 2006 ప్రాంతమున ‘నిళల్’ అను సంస్థవారు దానిని చేపట్టి దేశవాళీ చెట్లు నాటిరి. నిళల్ అనగా తమిళమున నీడ. నేడది చిన్న యడవి. ఆదివారములు సేవకులు కూడి పాదులు చేయుదురు, కలుపు తీయుదురు, చెట్లనడుమ నడకదారి సరిచేయుదురు. నగరమున చెట్లకు కొట్టిన మేకులు పెరికించు ఉద్యమమును గూడ ఈ సంస్థవారు నడపిరి. ఆ పనికి మా యింట నెవరికిని అభ్యంతరము లేదు. చిక్కంతయు పారతోనే వచ్చినది.

“నాయనా, పార దింపినచోట ఎన్ని ప్రాణాలుంటాయో నీకు తెలుసునా? మీ నాన్నచేత విరాళం రాయించు. నీవెందుకు తవ్వాలి?” అన్నది మా అమ్మగారు.

“డబ్బిస్తే కూలివాడు తవ్వుతాడు, నాయనమ్మా. అప్పుడా పాపం అతనిదేనా?” అన్నాడు వాడు.

ఆమె పలుకలేదు. చెక్కు వ్రాయుటకు సిద్ధముగా నున్న నేనును పలుకలేదు.

మా అమ్మగారి మాట అజ్ఞానమని త్రోసివేయరాదు. శ్రావకులకు కూడదన్న పదునైదు కర్మాదానములలో అడవులు కొట్టుట, బొగ్గు కాల్చుట, నేల త్రవ్వుట యున్నవి. అక్కరలేని హింసను అనర్థదండమని వేరుగా నిషేధించిరి. మన పెద్దలు పలువురు బట్టల వర్తకమును, బంగారపు వర్తకమును ఎన్నుకొనుటకు ఇదియు నొక కారణము. (బంగారము త్రవ్విన చేతులెవరివని మనము అడుగలేదు. అది వేరు ప్రసంగము.)

అయిన నదే శాస్త్రము కృతము, కారితము, అనుమోదితము అని మూడు చెప్పుచున్నది. తాను చేసినది, చేయించినది, చేయగా మెచ్చినది. మూడింటను కర్మబంధము కలదు. మన యూరికి దీనిని బోధింప వేరొకరు రానక్కరలేదు. పూర్వము మైలాపూరున నేమినాథస్వామి యాలయ ముండెడిదనియు, సముద్రభయముచే విగ్రహమును మేల్‌సిత్తామూరునకు తరలించిరనియు తమిళ జైనుల సంప్రదాయము. ఆ స్వామి కథ పిల్లలకును తెలియును. పెండ్లి యూరేగింపులో పోవుచు, కట్టివేసిన జంతువుల యార్తనాదము విని, అవి తన పెండ్లివిందు కొరకే యని తెలిసికొని వెనుదిరిగెను. కత్తి పట్టవలసినవాడు వంటవాడు. నా చేయి కాదుగదా యని స్వామి యూరకుండలేదు.

కావున చెక్కు వ్రాసి చేతులు శుభ్రముగా నున్నవనుకొనుట పొరపాటు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు లక్షణము చెప్పుచు ప్రమాదమును, అనగా అజాగ్రత్తను, ముందుంచెను. గజములెక్కను కూలి తీసికొనువానికి వంగి చూచుటకు తీరిక యేది? తొందర మనది, పార వానిది. తన ఆదివారమును తానే యిచ్చినవానికి ఆ తీరిక కలదు. వానికి చీమలబారు కనబడును. చీమలకొరకు దారిని జానెడు ప్రక్కకు మళ్ళించిన నష్టమేమియు లేదు.

అసలు దారియే యెందులకని మా అమ్మగారి రెండవ ప్రశ్న. దీనికి నాకు తోచిన సమాధానమిది. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను నగరమున వేలకొలది చెట్లను పడగొట్టినది. అడ్డముగా పడిన మ్రానును తీయకున్న జనము నడక మానరు. ఒకడు కుడివైపున, ఒకడు ఎడమవైపున తలకొక దారి చేసి మొలకలను త్రొక్కుదురు. మంచి దారి నూరుమంది పాదములను ఒక్క గీతలో పట్టియుంచును, తక్కిన నేల బ్రదుకును. మన సాధువులు ఈర్యాసమితి ననుసరించి ముందు నాలుగు మూరల నేల చూచుచు నడతురు. పొదలు క్రమ్మినచోట ఆ నాలుగు మూరలు కనబడునా?

అయితే అన్ని బాగుచేతలును బాగుచేతలు కావు. ప్రాతఃకాలపు నడకవారికి సిమెంటు దారి యిష్టము, చెప్పులకు బురద యంటదు. దానిక్రింద ఏ ప్రాణియు నుండలేదు, వేళ్ళకు నీరు దిగదు. రాలిన ఆకును ఊడ్చి కాల్చుట మరియు పాపము. ఆ యాకుక్రింద ఎన్ని జీవులు కాపురముండునో పార పట్టినవారికే తెలియును. ఆకును చెట్టు మొదటనే పోసి కుళ్ళనిచ్చిన ఎరువగును.

కాలము మాట యొకటి మిగిలినది. చాతుర్మాస్యమున సాధువులు విహారము మానుదురు, తడినేలయందు జీవులు విస్తారము గనుక. దారిపనిని మాఘ ఫాల్గునములకు జరుపవచ్చును. మొక్క నాటుట మాత్రము చెన్నపట్టణమున ఈశాన్య ఋతుపవనపు వానలలోనే కావలయును. ఆశ్వయుజ కార్తికములలో గుంట త్రవ్వుట యెట్లు? ఈ చిక్కు నాకింకను విడలేదు. చదువరులలో పెద్దలు తెలిసినది వ్రాయ ప్రార్థన.

ప్రస్తుతము మా యింట ఒక ఒప్పందము కుదిరినది. అబ్బాయి పోవచ్చును. సూర్యోదయమై నేలమీది చీమ కంటికి స్పష్టముగా కనబడువరకు పార ఎత్తరాదని మా అమ్మగారి షరతు. వాడొప్పుకొన్నాడు. చెక్కు కూడ వ్రాసితిని.